సున్నపు గీతకు గడప

కరోనాకు ముందు ఏడాది. సూరత్‌లోని బమ్రోలిలో మగ్గాల కార్మికులకు తక్కువ ఖర్చు ఇళ్లు కట్టే పని మా ఆఫీసుకు వచ్చింది. నేను ఆర్కిటెక్ట్‌ని. నాన్న రైల్వే ఉద్యోగం వల్ల గుజరాత్‌లోనే పెరిగాను. తెలుగు వచ్చు కదా అని, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలతో మాట్లాడే పని నా నెత్తిన పెట్టారు.

కాగితం మీద ప్లాన్ చూపిస్తే అందరూ మర్యాదకు తలూపేవారు. అందుకని ఫుల్ స్కేల్ మార్కింగ్ చేశాం. అంటే ఇంటిని అసలు కొలతల్లో నేల మీద సున్నంతో గీయడం. ఆడవాళ్లు ఆ గీతల మధ్య తిరిగి పొయ్యి ఇటు, కిటికీ అటు అని జరిపించారు.

వాళ్లలో లక్ష్మక్క మాత్రం తలుపు గీత దగ్గరికి వచ్చిన ప్రతిసారీ కుచ్చిళ్లు కాస్త ఎత్తి, దాటి అడుగు వేస్తోంది.

"అక్కడేం లేదు కదక్కా?" అన్నాను.

"గడప తొక్కద్దు గద మేడం. గడప పెడ్తరు గదా?"

పెట్టడం లేదు. మేం వేసే స్టీల్ తలుపు ఫ్రేములకు కింది పట్టీ ఉండదు. ఆ మాట చెబితే ఆమె ముఖం చిన్నబోయింది.

"సూరత్‌కొచ్చి ఇర్వై ఏండ్లాయె. కిరాయి ఖోలీల, గా ఒక్క అర్ర గడపకు పసుపు రాస్తె ఇంటి ఓనరు సేఠానీ కడిగిపిస్తది. నా గడపకు నేను రాసుకోవాలె మేడం. గంతే."

 ఒక రైల్వే క్వార్టర్ నుంచి ఇంకో క్వార్టర్‌కు సామాను మోసిన మా అమ్మకూ ఇదే కోరిక. తీరకుండానే పోయింది.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. పదిమందిని అడిగి కట్టి చూడు అనాల్సింది. గడప పెట్టాలా వద్దా అని ఆ కుటుంబాలతో పెట్టిన మీటింగ్‌లో పెద్ద గొడవే అయింది.

"నాలాంటోళ్లు తట్టుకొని పడ్తరు," అన్నాడు కర్రతో నడిచే రాజయ్య.

"ఎత్తు ఎవరడిగిండ్రు మామా? పడకుంటనే పెట్టమను," అంది లక్ష్మక్క.

చివరికి కాలికి తగలనంత పలుచటి రాతిపలక తలుపు కింద గడపగా పరిచేందుకు అందరూ ఒప్పుకున్నారు.

ఇళ్లు పూర్తయ్యాయి. అడిగినవాళ్లు ఎక్కువ, ఇళ్లు తక్కువ కనుక డ్రా తీశారు. లక్ష్మక్క పేరు రాలేదు.

గృహప్రవేశాల రోజు ఆమె వచ్చింది. పసుపు గిన్నె పట్టుకుని, పిలిచిన ప్రతి ఇంటి గడపకూ తనే రాసింది. మళ్లీ డ్రా ఉంటుందని ఓదార్చబోయాను.

"ఉంటది తియ్ మేడం. అప్పటిదాంక చెయ్యి మర్వద్దు గదా," అంది.

ఆ తర్వాత ఎక్కడ ఇల్లు గీసినా, నేను తలుపు దగ్గర నిలబడి జనం కాళ్లవైపు చూస్తాను. నోటితో అడగలేనివి కాళ్లు అడుగుతాయి. ఎవరైనా లేని గడపను దాటితే, చేస్తున్న పని ఆపి రాసుకుంటాను. లక్ష్మక్క ఇంకా ఆ కిరాయి ఖోలీలోనే ఉంది.