పేరుకు రెండు గడులు

మా అత్త ఇక్కడ బర్మాలో, పజుండౌంగ్ పేటలో ఒక లాయరు ఆఫీసు ముందు గదిలో ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చుంది. అత్త అంటే నాన్నకు అక్క, ఉండేది మాతోనే. నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "కూకుంతాను" అనేది. ఆ గదిలో ఒక బల్ల, ఆవిడ కుర్చీ, గోడవారగా వచ్చినవాళ్ళ కోసం ఒక పొడుగు బెంచీ. లాయరు లోపలి గదిలో ఉంటాడు. ఆయన్ని చూడాలంటే ముందు అత్తను దాటాలి. దేశాల సరిహద్దులు అంతకంటే త్వరగా దాటవచ్చు.

వచ్చినవాళ్ళను ఆవిడ ముందుగా గొడవేమిటని అడిగేది కాదు. "తిన్నావా?" అని అడిగేది. తర్వాత "ఏ బస్సుకొచ్చినావు?" మూడోది అసలు ప్రశ్న: "కార్డులో పేరేటి? ఇంట్లో పేరేటి?"

ఇక్కడ మా వాళ్ళలో అందరికీ రెండు పేర్లుంటాయి. గుర్తింపు కార్డులో బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. నాకూ రెండున్నాయి, తిట్లన్నీ రెండోదానికే వస్తాయి. తాత ఇంటి కాగితం మీద తెలుగు పేరుంటే, దాన్ని పట్టుకొచ్చిన మనవరాలి కార్డులో తండ్రిదీ తనదీ బర్మా పేర్లు. వీళ్ళంతా ఒకే ఇంటివాళ్ళని తేల్చడమే ఆ ఆఫీసు పనిలో సగం. ఆ పాత చేతిరాత కాగితాలు చదవగలిగింది అత్త ఒక్కతే. అహ్లోన్ మిల్లుల వైపు నుంచి ముసలమ్మలు కాగితం చీర కొంగులో కట్టుకుని వచ్చి, లాయరు ఉన్నాడా అని అడక్కుండా, అత్త ఉందా అని అడిగేవారు.

ఇక్కడ లాయరైనా, డాక్టరైనా, బడి పంతులైనా సయానే. పెద్ద సయా పోయాక ఆఫీసు కొడుకు చేతికొచ్చింది. చిన్న సయా మంచివాడు, మర్యాదస్తుడు. ఆయనకు వెబ్‌సైటు కావాలనిపించింది. అత్త నా పేరు చెప్పింది. ఏమని చెప్పావంటే ఆవిడ జవాబు ఇదీ:

"మా తమ్ముడి కొడుకున్నాడు, కంప్యూటరు ముందు కూకుంతాడు, ఏటి సేస్తాడో నాకు తెలీదని సెప్పినాను. కూకోడం మటుకు మావోల్లందరికీ ఒచ్చు."

కరెంటు వంతుల వారీగా వస్తుంది కాబట్టి నా ప్లానింగంతా కాగితం మీదే. పాత క్యాలెండరు వెనక్కి తిప్పి వంటింటి నేల మీద గడులు గీశాను. మొదటి పేజీ, మా గురించి, సేవలు, సంప్రదించండి. అత్త చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వంగి చూసింది.

"ఒచ్చినోలు ఎక్కడ కూకుంతారు?"

"వెబ్‌సైట్లో ఎవరూ కూచోరత్తా. ఫారం నింపి పోతారు."

"మరి నాను?"

"నువ్వా? మొదటి పేజీలో, ఫోటోలో. దండ కూడా వేస్తాను."

"సచ్చినోలికేత్తార్రా దండ," అని చిక్కుడుకాయ నా మీదికి విసిరింది. ఇద్దరం నవ్వాం. నాది మామూలు నవ్వే. ఆవిడది ఏ నవ్వో నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజే ఫారంలో ఏమేం అడగాలో ఆవిడే చెప్పింది. తిన్నావా అన్నది పెట్టలేనని ఒప్పించడానికి గంట పట్టింది. బస్సు సంగతి తనే వదిలేసింది. పేరు దగ్గర మాత్రం పట్టుబట్టింది. "రెండు గడులెట్టు. ఒకటే ఎడితే మనోలు కార్డు పేరే రాత్తారు. పాత పైల్లో ఆ పేరుండదు. లేదని సెప్పి పంపేత్తారు." రెండు గడులు గీశాను.

చిన్న సయాతో మీటింగు ఆయన కొత్తగా తీసుకున్న గదిలో. సంచౌంగ్‌లో, మేడ మీద, చల్లగా, ఎవరి ఇల్లూ కానట్టుంది. ఆయన నా క్యాలెండరు మర్యాదగా చూశాడు.

"పేరుకు రెండు గడులెందుకు? గడులెక్కువైతే జనం మధ్యలో వెళ్ళిపోతారని నువ్వే చెప్పావుగా."

చెప్పాను. మొదటి మీటింగులో, నాకేదో తెలుసని చూపించుకోవడానికి. నా మాట నాకే అడ్డం తిరిగితే నేనేం వాదించను? ఒక గడి కొట్టేశాను.

తర్వాత ఆయన తన కాగితం తీశాడు. అందులో ఒక వాక్యం: ముందు గది పనులన్నీ ఫారానికి మార్చాలి. పజుండౌంగ్ గది నెలాఖరుకు ఖాళీ. ఇకనుంచి ముందుగా సమయం తీసుకున్నవాళ్ళే రావాలి. ముందు గది పనులంటే ఏమిటో నాకు అర్థం కావడానికి కొంచెం పట్టింది. ముందు గది అంటే మా అత్త.

"మరి ఆవిడ?" అన్నాను.

"ఆంటీకి ముందే చెప్పానే. నీ పేరు చెప్పింది కూడా ఆ మాట విన్నాకే."

ఇంటికొచ్చి అడిగాను. "తెలిసీ నన్నెందుకు పెట్టావు?"

"ఎవుడో ఒకడు సేస్తాడు కదేటి. నువ్వైతే నా మాట ఇంతావు. నాను లేకపోయినా ఆ రెండో గడి ఉంతాది." అని, నా వైపు తిరిగి, "ఎట్టినావు కదా?"

"పెట్టానత్తా."

నేను చాలా అబద్ధాలాడాను, ఎక్కువ నవ్వించడానికే. ఇది ఆ రకం అబద్ధం కాదు.

నెలాఖరున గది ఖాళీ చేశారు. చిన్న సయా శాలువా కప్పి దణ్ణం పెట్టాడు, ఆయన కళ్ళు నిజంగానే తడిశాయి. ఏం కావాలో అడగమంటే అత్త బెంచీ అడిగింది. మా ఇంట్లో మనిషి అడ్డంగా నడవాలి. అలాంటి చోటికి బెంచీ వచ్చింది. రోజుకోసారి నా మోకాలు దానికి నమస్కారం పెడుతుంది. అత్త దాని మీద కూర్చోదు. ఎందుకంటే అది వచ్చినవాళ్ళదట. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

సైటు తెరిచిన వారానికి, పట్టపగలు, నేను బయట టీ కొట్లో ఉండగా ఫోన్ చేసింది.

"ఒరే, నీ పారం తెరిసినాను. రెండో గడి ఎక్కడెట్టినావు? కనబడ్డం లేదు."

"నెట్టు నెమ్మదిగా ఉందత్తా. వస్తుంది."

"రానీ. కూకుంతాను."

ల్యాప్‌టాప్ తీశాను. చిన్న సయాను అడగలేదు. ఆ గడి పెట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాల పనిని మీటింగులో అంత సులువుగా ఎలా వదిలేశానో ఇప్పటికీ నాకు తెలీదు. ఫోన్ చేసి, ఒకసారి మూసి తెరవమన్నాను.

"ఆఁ, ఒచ్చింది," అంది.

కాసేపటికి ఫారం నుంచి మొదటి ఉత్తరం వచ్చింది, ఆఫీసుకు వెళ్ళేవాటి కాపీ నాకూ వస్తుంది. మొదటి గడిలో ఒక బర్మా పేరు. ఎవరబ్బా అనుకున్నాను. రెండో గడిలో ఉన్నది మా అత్త పేరు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆవిడ కార్డు నేనెప్పుడూ చదవలేదు. విషయం దగ్గర "ఇతర" అని ఎంచుకుంది. కింద ఒకటే వాక్యం: ఎవులూ లేరేటి, ఊరికే ఒచ్చినాను.

దానికి వెంటనే జవాబు వెళ్ళింది. మేము రెండు పనిదినాల్లో మిమ్మల్ని సంప్రదిస్తాము. అది రాసింది నేనే, ఎవరు వచ్చినా అదే వెళుతుంది.

మూడో రోజు అన్నం దగ్గర అడిగింది. "రెండు రోజులన్నారు. ఎవులూ పలకలేదేటిరా?"

"నేను పలుకుతున్నాను కదత్తా."

"నువ్వు ఆపీసు కాదు గదా," అని నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.