నేరేడు చెట్టు కింద కుర్చీ

మావయ్యగారు కుర్చీ తెచ్చుకుని, చెట్టు పడాల్సిన చోట వేసుకుని కూర్చున్నారు. అక్క రంపం మిషను ఆపేసింది.

యానాంలోని కనకాలపేటలో మా అక్క ఇంటికీ, మా బావ పెదనాన్నగారి ఇంటికీ మధ్య సరిహద్దు మీద ఉన్న నేరేడు చెట్టు అది. ఆ పెదనాన్నగారే అక్కకి మావయ్యగారు. చెట్టుకి ఆయన దొడ్డి వైపు అప్పటికే గంటు పడింది. పుచ్చకాయలోంచి ముక్క తీసినట్టు మొదలు దగ్గర లోపలి చెక్క ఎర్రగా కనిపిస్తోంది. ఇక వెనక వైపు నుంచి కోత కోస్తే చెట్టు ఆ గంటు వైపుకి వంగి పడుతుంది. అంటే సరిగ్గా ఆ కుర్చీ మీద.

"మావయ్యగారూ, లెగండి," అంది అక్క, హెల్మెట్ అద్దం పైకెత్తి.

"నా దొడ్లో నేను కూచున్నానమ్మా. నీ పని నువ్వు చేసుకో."

"నా పని మీ నెత్తి మీద పడుద్దండి."

"పడనీ. నేను కొట్టినన్ని చెట్లు నువ్వు చూసి కూడా ఉండవు. ఏ చెట్టు ఎటు పడుద్దో నాకొకళ్ళు చెప్పక్కర్లేదు."

అక్క మిషను పట్టుకుని వెనక్కి నడిచింది. చెట్టు చుట్టూ దూరంగా ముగ్గుపిండితో పొద్దున్నే గీసిన గీత ఉంది. అది దాటి ఇవతలికి వచ్చి, బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుంది.

"ఆయన లేచేదాకా నేను దీన్ని ముట్టను," అంది మా అందరికీ వినపడేలా.

సగం పని అయిన చెట్టు అలా నిలబడి ఉంది. అది ఏ వైపు ఒరిగి ఉందో నేను చెప్పాలి. ఆ ఏడాది వానలకి మావయ్యగారి వైపు మట్టి కొట్టుకుపోయి వేళ్ళు బయటపడ్డాయి. చెట్టు అక్క వంటింటి మీదికి వాలింది. ఇల్లు పెంకుటిల్లు. అందుకే ఇంటి వైపు కొమ్మలు ముందే దింపించి, పైన తాడు కట్టి, ఆ తాడుని మావయ్యగారి దొడ్డి చివర కొబ్బరి చెట్టుకి బిగించారు. మధ్యాహ్నం దాటితే యానాంలో గాలి సముద్రం వైపు నుంచి తిరుగుతుంది. అంటే ఇంటి మీదికి తోస్తుంది. ఆ గాలి రాకముందే చెట్టు పడిపోవాలని అక్క పొద్దున్నే మొదలుపెట్టింది.

అప్పట్లో నేను కాకినాడలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసేవాణ్ణి. ఆ రోజు సెలవు కాబట్టి వెళ్ళాను. చెట్టు మీద పడి మనిషి పోయాడన్న వార్త నాకు కొత్త కాదు. గోదావరి పొడుగునా ఎక్కడో ఒకచోటి నుంచి వస్తూనే ఉండేది. వేలెడు పొడుగు వార్త. అందులో 'ప్రమాదవశాత్తు' అన్న మాట తప్పకుండా ఉండేది. పోయిన మనిషి ఎక్కడ నిలబడ్డాడో, అక్కడ నిలబడమని ఎవరన్నారో, కాళ్ళకి ఏం తొడుక్కున్నాడో ఆ వార్తలో ఉండదు. చెట్టొక్కటే ముద్దాయి. ఆ మాట మీద నాకు అప్పుడూ గౌరవం లేదు, ఇప్పుడూ లేదు.

మా బావ మోకాలు కూడా అలాగే 'ప్రమాదవశాత్తు' పోయింది. ఆయన సరుగుడు తోటలు కోతకి తీసుకునేవాడు. గొడ్డళ్ళతో సాగడం లేదని రంపం మిషను కొన్నాడు. లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, హవాయి చెప్పులు వేసుకుని, కింద పడిన దుంగ మీద ఒక కాలు మోపి కొమ్మలు కోసేవాడు. మా వైపు అందరూ అలాగే కోసేవారు, ఎవరికీ తప్పుగా కనపడేది కాదు. ఒక రోజు రంపం చైను తిరిగే పలక కొస, ఆకుల్లో కనపడని ఇంకో కొమ్మకి తగిలింది. కొస తగిలితే మిషను ముందుకి పోదు, పట్టుకున్న మనిషి మీదికి ఎగిరి తంతుంది. కాకినాడ ఆసుపత్రిలో కాలు నిలబెట్టారు కానీ, ఆ మోకాలు మళ్ళీ వంగలేదు.

ఇంటికి తెచ్చాక చూడ్డానికి వచ్చిన మావయ్యగారు మంచం పక్కన నిలబడి అన్నారు:

"ఆ మిషను అమ్మెయ్యండి. రక్తం చూసిన ఇనుము ఇంట్లో ఉండకూడదు."

"నా కత్తిపీట రోజూ నా రక్తం చూస్తానే ఉందండి మావయ్యగారూ," అంది అక్క. "దాన్ని కూడా అమ్మెయ్యమంటారా?"

ఆయన కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు. అక్క మిషను అమ్మలేదు. బావని వెంటబెట్టుకుని కాకినాడలో దాన్ని అమ్మిన షాపుకి వెళ్ళి, మొదటిసారి కొనేటప్పుడు ఎవరూ అడగనివన్నీ అడిగింది. చైను ఆపే బ్రేకు ఎలా పడుతుంది, పలకలో ఏ మూల తగిలితే ఎగిరి తంతుంది, చైను ఎంత వదులుంటే ఊడుతుంది. బావ మంచం మీద కూర్చుని చెబితే పెరట్లో దుంగలు కోసి నేర్చుకుంది. చీర పక్కన పెట్టి బావ జీన్సు ప్యాంటు, పూర్తి చేతుల చొక్కా, తోలు బూట్లు, అద్దమున్న మోటారు సైకిలు హెల్మెట్. చెవుల్లో దూది.

మొదటిసారి ఆ వేషంలో ఫరంపేటలో పడిపోయిన చెట్టు కొయ్యడానికి వెళ్తుంటే కిళ్ళీకొట్టు దగ్గర కుర్రాళ్ళు ఆపారు.

"చంద్రమండలానికా అక్కా ప్రయాణం?"

"కాదురా. నువ్వు కూడా వస్తానంటే లుంగీ మార్చుకురా."

రెండేళ్ళలో మెట్టకూరు లాంటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా పిలుపులు వచ్చేవి. నేను చాలాసార్లు దూరంగా నిలబడి చూశాను. మిషనుని నేల మీద పెట్టి, వెనక పిడిలో బూటు దూర్చి తొక్కిపట్టి తాడు లాగేది తప్ప గాల్లో పట్టుకుని ఎప్పుడూ స్టార్ట్ చెయ్యలేదు. భుజం కన్నా పైకెత్తి కోసేది కాదు. కోతకి ముందు, చెట్టు కదిలాక తను ఎటు వెనక్కి వెళ్ళాలో ఆ దారిలో నడిచి చూసి, అడ్డమున్న కొబ్బరి మట్టలన్నీ తీసి పారేసేది. ఇవన్నీ జనం నవ్వుకుంటూనే భరించారు. భరించలేనిది ఆ ముగ్గు గీత ఒక్కటే.

ఎందుకంటే చెట్టు కొట్టడమంటే మా వైపు చిన్న తిరనాళ్ళు. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు వస్తారు. మగవాళ్ళు తలోమాట చెబుతూ తాడు మీద తలో చెయ్యి వేస్తారు. పెద్దవాళ్ళకి చెట్టు దగ్గర్లో కుర్చీలు పడతాయి. అక్క వచ్చి, చెట్టు పొడుగుకి రెట్టింపు దూరంలో గీత గీసి, అందరూ దీనికి అవతలే అనేది. ఒక ఆడది గీత గీసి మగవాళ్ళని దాని అవతల నిలబెట్టడం ఊరికి ఎక్కలేదు.

ఆ రోజు పొద్దున మావయ్యగారు కూడా మొదట గీత బయటికే వచ్చారు. చెట్టు తన దొడ్లో పడటానికి ఆయనే ఒప్పుకున్నారు. గంటు పడుతుండగా గుంపులోంచి ఎవరో అన్నారు:

"ఏం పెద్దయ్యా, కోడలు గీత గీసిందంట! దాటితే రావణాసురుడు ఎత్తుకుపోతాడా నిన్ను?"

గొల్లున నవ్వారు. మావయ్యగారు ఇంట్లోకి వెళ్ళి తన టేకు కుర్చీ భుజానికెత్తుకుని వచ్చారు. అప్పుడు నేను మొదట చెప్పింది జరిగింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. చెట్టు పక్కనే తీగలున్నాయని లైన్‌మన్ పొద్దున్నే ఆ వీధి కరెంటు తీసి వెళ్ళాడు. చెట్టు పడ్డాక కబురు పెడితే గానీ మళ్ళీ ఇవ్వడు. ఫ్యాన్లు ఆగిపోయి వీధంతా బయటికొచ్చింది.

"పెద్దయ్యా, లెగవయ్యా, ఇళ్ళల్లో ఉడికిపోతన్నాం!"

ఆయన చుట్ట వెలిగించుకున్నారు.

జనం అక్క వైపు తిరిగారు. "నువ్వే సర్దుకోవచ్చు కదమ్మా, పెద్దాయన. ఆయనకి తగలకుండా కొంచెం పక్కకి కోసెయ్యి."

"చెట్టుతో చెప్పి చూడండి."

"మిషను స్టార్ట్ చెయ్యమ్మా, ఆ చప్పుడికి భయపడి ఆయనే లెగుస్తాడు."

అక్క హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది.

"లేవకపోతేనండి?" అంది. "అప్పుడు నేనేం చెయ్యాలి? ఆపితే, ఇక నేనెప్పుడు గీత గీసినా జనం నవ్వుతారు. కోస్తే, రేపు మా తమ్ముడు ప్రమాదవశాత్తు అని రాస్తాడు."

నేను తల పక్కకి తిప్పుకున్నాను. అందరూ నన్నే చూశారు మరి.

గాలి తిరిగింది. కొబ్బరాకులు పడమరకి దువ్వినట్టయ్యాయి. నేరేడు చెట్టు పైన కిర్రుమంది. బావ వంగని కాలు ఈడ్చుకుంటూ గీత బయట నుంచే చుట్టూ తిరిగి వెళ్ళి, కొబ్బరి చెట్టు దగ్గర తాడుని మళ్ళీ బిగించాడు. అక్క వంటింట్లో పొయ్యి ఆర్పించి అందరినీ బయటికి రప్పించింది. ఇల్లు ఖాళీగా, తలుపులు బార్లా తెరిచి ఉంది. పెంకుల పైన చెట్టు కొస ఊగుతోంది. అక్క దాన్ని చూస్తూ కూర్చుంది. లేచి వెళ్ళి బతిమాలుతుందేమో అనుకున్నాను. లేవలేదు.

సాయంత్రం కాఫీ వేళకి మావయ్యగారి భార్య స్టీలు గ్లాసు కొంగుతో పట్టుకుని గీత దగ్గరికి వచ్చారు.

"ఒక్క అంగలో ఇచ్చొచ్చేస్తానే."

"ఆ ఒక్క అంగలో గాలొస్తేనో అత్తయ్యగారూ? కాఫీ కావాలంటే ఆయన్నే రమ్మనండి."

"నన్ను కూడా ఆపుతావా?"

"ఆయ్. మిమ్మల్ని కూడానండి."

ఆవిడ అక్కని ఎగాదిగా చూశారు. తర్వాత దొడ్డి వైపు గొంతెత్తారు. "ఏవండోయ్! కాఫీ!"

మావయ్యగారు వినపడనట్టు కొబ్బరి చెట్టు వైపు చూశారు.

"చల్లారిపోతందండీ!"

ఆవిడ ఇంకాసేపు చూశారు. ఆ పైన గ్లాసెత్తి, గీత మీదే నిలబడి, నింపాదిగా ఆ కాఫీ తనే తాగేశారు. చివరి చుక్క దాకా తాగి, మూతి కొంగుతో తుడుచుకున్నారు.

"పంచదార సరిపోయింది," అన్నారు ఎవరితోనూ కాకుండా.

వీధంతా నవ్వింది. బావ కొబ్బరి చెట్టుకి ఆనుకుని మరీ నవ్వాడు. ఆ నవ్వుకి మావయ్యగారు లేచి నిలబడ్డారు.

"చుట్టలు అయిపోయినయ్," అన్నారు గట్టిగా. "తెచ్చుకుని మళ్ళీ వచ్చి కూచుంటా. కుర్చీ అక్కడే ఉంటది. ఎవరూ ముట్టుకోడానికి లేదు."

"ఎవరూ ముట్టుకోరండి," అంది అక్క. "మీరు ముందు గీత దాటండి."

ఆయన గీత దాటారు. అక్క పరిగెత్తలేదు. హెల్మెట్ పెట్టుకుని, చెట్టు పైకి చూసి, కొబ్బరాకులు కుదురుకునేదాకా ఆగింది. తను వెనక్కి వెళ్ళే దారిలో ఒకసారి నడిచి వచ్చింది. తర్వాత మిషను మోగింది. వెనక కోత మొదలైంది. గంటుకీ కోతకీ మధ్య కొంత చెక్క కొయ్యకుండా ఉంచాలి, అది తలుపు బందులా చెట్టుని పట్టుకుని ఒకే వైపు తిప్పుతుంది. చెట్టు ఇంటి వైపు వాలకుండా అక్క కోతలోకి చెక్కమేకు దిగ్గొట్టింది. చెట్టు పైన ఆకులు వణికాయి. అక్క మిషను ఆపి, అది నేల మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా తన దారిలో నడిచింది. చెట్టు మొదట తొందరేమీ లేనట్టు కదిలి, చివర్లో ఒక్కసారిగా పడింది. నేల అదిరి నా అరికాళ్ళకి తెలిసింది.

దుమ్ము తగ్గాక చూస్తే పెంకుల్లో ఒక్కటి కూడా జారలేదు. కుర్చీ ఉన్న చోట మాను ఉంది. కుర్చీ టేకు చెయ్యి ఒకటి కొమ్మల మధ్య నుంచి పైకి లేచి కనిపిస్తోంది.

నేరేడు కట్టె కోసం జనం ముందుకి తోసుకొచ్చారు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. పడిన చెట్టు కొమ్మలు నేలకి అదిమి విల్లులా వంగి ఉంటాయి, తెలియకుండా ఒక్క కొమ్మ నరికినా తిరిగి మొహాన కొడుతుంది. ఒక్కొక్కటీ తనే వదులు చేసేదాకా గీత చెరపనివ్వలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మావయ్యగారు గీత బయట నిలబడి ఉన్నారు. చేతిలో చుట్ట ఉంది, వెలిగించలేదు.

"నా కుర్చీ," అన్నారు.

"ఎవరూ ముట్టుకోడానికి లేదన్నారు కదండి."

"కొత్తది చేయించి ఇయ్యి."

"ఇవ్వనండి."

ఆ సాయంత్రం కనకాలపేటలో చాలామంది అక్కది పొగరు అన్నారు. పెద్దాయన్ని ఎండలో కూర్చోబెట్టింది, కాఫీ కూడా అందనివ్వలేదు అన్నారు. కరెంటు వచ్చాక ఫ్యాను కింద కూర్చుని మరీ అన్నారు. నా లెక్క వేరు. నేను డెస్కులో కూర్చుని దిద్దిన వేలెడు వార్తలన్నిటిలోనూ ఒక్క చోట కూడా ఇలాంటి పొగరున్న మనిషి లేడు. ఉంటే ఆ వార్త నా దాకా వచ్చేది కాదు. మిషను పట్టుకున్న వాళ్ళు అందరిలాగే కోస్తే ఏమవుతుందో మా బావ నడక చెబుతుంది, మర్యాద కోసం గీత చెరిపితే ఏమవుతుందో ఆ వార్తలు చెబుతాయి. అక్క చెరపలేదు. ఆమె తరఫున నేను ఎవరికీ సంజాయిషీ చెప్పను.

నేరేడు మొద్దు మాత్రం ఇంకా సరిహద్దు మీదే ఉంది. అందులో సగం తనదనీ, కుర్చీ వస్తే గానీ దాని మీద రంపం పెట్టనివ్వననీ మావయ్యగారు అంటున్నారు. అక్క కుర్చీ చేయించలేదు. ఆయనా ఇంకొకటి కొనుక్కోలేదు, అరుగు మీద నిలబడే కాఫీ తాగుతున్నారు. మొద్దుకి వేసిన చిగుళ్ళు ఇది రాసేనాటికి అక్క ఇంటి గోడ ఎత్తు దాటాయి. అవి అక్క వంటింటి వైపే వంగి పెరుగుతున్నాయి.