కెంటకీ బట్టీ గుమ్మంలో ఆగిపోయిన నా పెరుగన్నం

మా అమ్మాయి పద్మ నీళ్ళ పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తోందని రెండేళ్ళుగా అందరికీ చెప్పుకున్నాను. 1984 వేసవిలో మనవరాలిని చూసుకోవడానికి లూయివిల్ వెళ్తే, పక్కింటావిడ మాటల్లో నిజం బయటపడింది. అది పనిచేసేది బర్బన్ విస్కీ బట్టీలో. "రేపు నన్నక్కడికి తీసుకెళ్ళు. నా కళ్ళముందే రాజీనామా ఇవ్వాలి," అన్నాను. ఆ పూట భోజనం చెయ్యలేదు. ఈ ప్రయాణం అలా మొదలైంది.

మనవరాలిని పక్కింటావిడకు అప్పజెప్పి ఎనిమిదింటికి బయల్దేరి దక్షిణంగా నలభై మైళ్ళు, గంట ప్రయాణం. రానూపోనూ పెట్రోలుకు ఐదు డాలర్లు; బట్టీ చూడటానికి టికెట్ లేదు. బయటి తిండి ముట్టను కనుక స్టీలు డబ్బాలో పెరుగన్నం పెట్టుకున్నాను. దారి పొడవునా మొక్కజొన్న చేలు, కొండను కోసిన చోటల్లా సున్నపురాయి పొరలు.

"ఈ రాతిలోంచి ఊరే నీళ్ళలో ఇనుము ఉండదమ్మా. ఉంటే సరుకు నల్లబడుతుంది," అంది పద్మ.

"సరుకు గురించే నీ బెంగ. ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలే?"

ముందు గోదాము చూపించింది. కిటికీలన్నీ బార్లా తెరిచిన ఎత్తైన రేకుల కట్టడం, అందులో లోపలివైపు మాడ్చిన ఓక్ చెక్క పీపాల నిండా విస్కీ. పై అంతస్తులో, గుంటూరులో మిట్టమధ్యాహ్నం మేడ మీద వడియాలు పెట్టేటప్పటి వేడి. ఎండాకాలం సరుకు ఉబ్బి చెక్కలోకి దిగుతుందట, చలికాలం వెనక్కి వస్తుందట. రంగు, రుచి అలా పడతాయట. ఏటా కొంత గాలిలో కలిసిపోతుందని విని ఒళ్ళు మండింది.

"పోతోంటే చూస్తూ ఊరుకుంటారా? గట్టిగా బిగించరేం?"

"గాలాడకపోతే తయారవదమ్మా."

తర్వాత ఈస్టు గది, మొక్కజొన్న గంజిని పులియబెట్టే ఈస్టును పెంచే చోటు. గుమ్మంలో రాయ్ అనే ఫోర్‌మన్ నా డబ్బా వైపు చూశాడు. "అందులో ఏముంది, మ్యామ్?"

"రైస్, కర్డ్," అన్నాను.

"యోగర్ట్!" అంటూ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "సారీ మ్యామ్. అది లోపలికి రాకూడదు."

నా కళ్ళు ఎర్రబడ్డాయి. మడి కట్టుకుని వండిన అన్నం సారా కాచే చోట మైలా? "ఎవడే ఈ రూలు పెట్టింది?" అని అరిచాను.

పద్మ తల వంచలేదు. "నేనే పెట్టాను. ఈ గది బాధ్యత నాది. పెరుగు ఒక్క చుక్క పడితే అందులోని బాక్టీరియాతో ఈస్టు పాడవుతుంది. ఈ వేడికి ఆ బాక్టీరియా గంటల్లో పెరిగిపోతుంది. నా పెరుగన్నం కూడా కార్లోనే తిని, చేతులు కడుక్కుని, కోటు మార్చుకుని వస్తాను. నీ వంటింట్లో స్నానం చెయ్యకుండా నన్ను అడుగు పెట్టనిచ్చావా ఎప్పుడైనా? ఇది నా వంటిల్లమ్మా."

"రాజీనామా?"

"ఇవ్వను."

కార్లో కూర్చుని పులిసిన పెరుగన్నం ఇద్దరం తిన్నాం.

అబద్ధం చెప్పినందుకు ఇప్పటికీ దాన్ని క్షమించలేదు. తాగుడంటే అసహ్యం అంగుళం కూడా తగ్గలేదు. కానీ రాజీనామా మాట మళ్ళీ ఎత్తలేదు. తన తిండినే గుమ్మం బయట పెట్టేంత నిష్ఠ నేను నేర్పిందే. దాన్ని మానమని ఏ నోటితో చెప్పను? అదే నా కోపమంతా.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఈస్టు గది చూడాలనుంటే పెరుగు వెంట తీసుకెళ్ళకండి. మర్నాటి నుంచి పద్మ డబ్బాలో నేను పులిహోర పెట్టడం మొదలుపెట్టాను.