బూడిదలో లేచిన చంద్రకాంత

ఇస్త్రీ ఆయనకు ఇంటి ముందు అరుగే దుకాణం. ఒక బల్ల, దాని మీద మడతలు పెట్టిన పాత దుప్పటి, పక్కన బొగ్గుల ఇస్త్రీపెట్టె. కిందటి వానల్లో ఆయన కూతురు జ్వరంతో పోయింది. బడికెళ్ళే పిల్ల. మెట్టు పక్కన పసుప్పచ్చ చంద్రకాంత మొక్క నాటుకుని, సాయంత్రం అది విచ్చుకునే వేళకు పుస్తకం అవతల పడేసి దాని ముందు చతికిలబడేది.

పిల్ల పోయాక కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ పెట్టె రాజేశాడు. పొట్ట ఊరుకోదు కదా. రోజూ పని ముగిశాక బూడిదను వీధి చివర ఇనప డబ్బాలో పోసి వచ్చేవాడు. ఆ రోజు కాళ్ళు రానన్నాయి. మనసెక్కడుందో, నిప్పు ఆరని పెట్టెను మెట్టు పక్కనే బోర్లించేశాడు. మొక్క చుర్రుమంది. గుమ్మంలోంచి భార్య చూసింది. పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఈ ఏడు తొలకరికి ఆ బూడిదలోంచే ఒక మొలక లేచింది.

"కలుపు. పీకెయ్," అంది భార్య.

"ఉండవే, ఆకు తేలనీ."

ఆకు తేలాక పక్కింటి దర్జీ ఆవిడ మెడలో టేపుతోనే వచ్చి వంగి చూసింది.

"చంద్రకాంతే అన్నా. మా గోడవతల ఉన్నాయిగా, వాటి గింజలు మిరియాల్లా ఎటుబడితే అటు దొర్లుతాయి. మావన్నీ రాణీరంగువి. పూస్తే తెలుస్తుందిలే ఎవరి సంతానమో."

"పసుపు పూస్తే?"

"మీదే. రాణీరంగైతే మాత్రం నాకు అద్దె కట్టాలి!"

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి చెయ్యి పెట్టె మీద, చూపు మొక్క మీద. ఒకసారి ఎవరిదో చొక్కా కాలరు మాడింది.

"ఏమయ్యా, నా చొక్కా కాల్చి మొక్కకు కాపలా కాస్తున్నావా?" అని చొక్కా యజమాని వీధంతా వినబడేలా అరిచాడు. కాల్చడం అన్న మాటకు ఆయన తల వంచేశాడు. చొక్కాకేనని అరిచినవాడు అనుకున్నాడు.

"పీకెయ్యవయ్యా," అంది భార్య మళ్ళీ. "వాకిట్లోకి రావాలంటే కాళ్ళాడట్లేదు నాకు."

"పసుపు పూస్తే అది పిల్లదే కదే."

"అయితే? పిల్లొస్తుందా?"

రాదని ఆయనకూ తెలుసు. ఆయనకు కావలసింది అది కాదు. ఆ మొక్క చావలేదంటే, పిల్ల మిగిల్చి వెళ్ళిన ఒక్క ప్రాణాన్నీ తన చేతులతో తీయలేదన్నమాట. ఆ సంగతి భార్య ముందు నోరు విడిచి అడగలేక పువ్వును అడుగుతున్నాడు.

ఒక సాయంత్రం మొగ్గ విప్పింది. రాణీరంగు. ఎంత సేపు చూసినా, ఎటు తిరిగి చూసినా రాణీరంగే.

"గింజ పడి మొలిస్తే ఒక్కోసారి రంగు మారుతుందంటారు," అన్నాడు, వెనక నిలబడ్డ భార్య వైపు తిరక్కుండా.

"మారలేదు. అది చచ్చిపోయింది. నువ్వు కాల్చావు."

ఏడాదిగా వాళ్ళిద్దరి మధ్య కూర్చున్న మాట అది. బయటికి వచ్చాక ఇల్లేమీ కూలలేదు. ఆయన మెట్టు మీద కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. వీధిలో సైకిళ్ళు పోతున్నాయి. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

కాసేపటికి ఆయన లేచి మొక్క మొదలు పట్టుకున్నాడు. "తీసేస్తాలే. మనది కాదుగా."

"వదులు."

"పీకమని నువ్వేగా అన్నావు?"

"అది పిల్లదని నువ్వు అనుకున్నన్నాళ్ళూ పీకమన్నాను. ఇప్పుడిది ఎవరిదో మొక్క. దానికి నీళ్ళు పోస్తే నా గుండె పగలదు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పిల్ల పేరు మాత్రం దీనికి పెట్టకు."

ఆయన చెంబుతో నీళ్ళు తెచ్చి, బట్టల మీద చల్లినట్టు చేత్తో ఆకుల మీద చిలకరించాడు.

"అదేం పొయ్యడం!" అంటూ ఆమె చెంబు లాక్కుని మొదట్లో కుమ్మరించింది.