మావయ్య రెండోసారి చూడని నక్షత్రం

నిన్న పొద్దున్న ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్. "నారాయణ మావయ్య ఇక లేరు."

నేను ఆ లైన్ పూర్తిగా చదివేలోపే కింద వరసగా దండం ఎమోజీలు.

నమ్మలేక ఆయన నంబర్‌కే కాల్ చేశాను. అత్తయ్య ఎత్తింది. ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు.

మా అమ్మ తమ్ముడు. ఆమదాలవలసలో సైన్స్ మాస్టారుగా రిటైరయ్యాడు. చాలామందికి అంతవరకే తెలుసు.

అరవైల చివర్లో, కాలేజీ రోజుల్లో, ఆయనా స్నేహితుడు సూరిబాబూ గాజుపలకను చేత్తో అరగదీసి, అద్దంగా మార్చి టెలిస్కోప్ చేసుకున్నారు. ఎక్కడో వేరే గెలాక్సీలో ఒక నక్షత్రం పేలిందని, సూపర్‌నోవా అని, లెక్చరర్ చెప్పారు. ఎక్కడ వెతకాలో చార్టు కూడా ఇచ్చారు.

మొదటి సాయంత్రం డాబా మీంచి సన్నటి చుక్క కనబడింది.

కానీ ఒక్కసారి చూస్తే సరిపోదు. మర్నాడు కూడా అక్కడే ఉంటేనే నక్షత్రం. కదిలితే ఇంకేదో.

చీకటికి అలవాటుపడిన కళ్లు చెదరకుండా టార్చికి ఎర్ర గుడ్డ కట్టుకునేవారు. అప్పుడు జిల్లా అంతా నక్సలైట్ గొడవలు, అరెస్టులు. డాబా మీద ఎర్ర లైటు బయటివాళ్లకి ఎలా కనబడుతుందో ఇద్దరికీ తట్టలేదు.

రెండో సాయంత్రం టెలిస్కోప్ సరిచేస్తుండగానే పోలీసులు వచ్చేశారు.

"ఎవుడికిరా సైగలు సేస్తన్నారు? ఎవుడిదిరా టార్చి?"

టార్చి మావయ్యది.

"నాదే బాబూ. ఆడికేటీ తెల్దు," అన్నాడు సూరిబాబు.

టెలిస్కోప్‌ని ఒక తన్ను తన్ని, సూరిబాబుని తీసుకుపోయారు.

తిరిగొచ్చేసరికి అతని కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. మావయ్యని చూడగానే అడిగిన మొదటి మాట,

"ఒరే, మన సుక్క మళ్లీ సూసినావా? అక్కడే ఉన్నాదా?"

"ఉన్నాదిరా."

చూడలేదు. సూరిబాబుని తీసుకుపోయిన రాత్రే, భయంతో, పగలకుండా మిగిలిన అద్దాన్ని బావిలో పడేశాడు.

ఆ తర్వాత మా ఇళ్లలో ఏ పెళ్లయినా పంక్తిలో కూర్చుని సూరిబాబు మావయ్య ఈ కథే చెప్పేవాడు. "నా ఏళ్లు పోతే పోనాయి. మావోడు సుక్కని వదల్లేదు. ఏటనుకున్నారు!"

అందరం నవ్వేవాళ్లం. మావయ్య మాత్రం విస్తట్లో అన్నం సగం ఉండగానే లేచి చెయ్యి కడుక్కునేవాడు. ఎందుకని ఎవరం అడగలేదు.

సూరిబాబు మావయ్య పోయి చాలా ఏళ్లయింది. అసలు సంగతి నాకు తెలిసింది మొన్న, హాస్పిటల్లో నారాయణ మావయ్య బెడ్ పక్కన కూర్చున్నప్పుడు.

"ఆడికి సెప్పలేకపోనానే అమ్మా. సెప్తే ఆడి సెయ్యి ఉత్తినే పోయినట్టవదా?"

ఫిజిక్స్ చదివిన నాకు, ఒక్కసారి కనబడ్డదాన్ని లెక్కలోకి తీసుకోరని తెలుసు. అయినా, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ అబద్ధం స్నేహమో, ఇంకో రకం భయమో నాకు తేలలేదు. ఈ పోస్ట్ రాస్తుంటే కూడా తేలడం లేదు.

రెండూ అయుండొచ్చు.

ఇక నువ్వు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు మావయ్యా. నిమ్మళంగా పడుకో.