సినిమా హాల్లో నా గుసగుస

పవర్‌లూమ్ కార్ఖానాల్లో బతికినవాళ్లకు ఆ రోజుల్లో రహస్యం అచ్చివచ్చేది కాదు. మా ఊళ్లో కుంఠా నాకా దగ్గర మగ్గాల మోతలో పొద్దంతా అరిచి అరిచి, బయటికి వచ్చాక కూడా మా గొంతులు దిగేవి కావు. మేము గుసగుస అనుకున్నది పక్క గల్లీకి వినిపించేది. అందుకే దాచాల్సిన మాటైతే గొంతు లేకుండా పెదవులు మాత్రమే కదిపేవాళ్లం, ఎదుటివాడు చూసి అర్థం చేసుకునేవాడు. (ఈ విద్య మా ఆడవాళ్లకూ వచ్చు.) ఈ సంగతి ఒక్క క్షణం మరిచిపోయి నేను పెళ్లి పోగొట్టుకోబోయాను.

సంబంధం విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీ వాళ్లది. పిల్ల నాయనమ్మ బీడీ ఆకును చూసినట్టే మనిషినీ వేళ్ల మధ్య నలిపి చూసేది. "పిల్లగాని గుణం సినిమాల తెలుస్తది" అన్నది ఆమె సిద్ధాంతం. పెళ్లిచూపులు అయ్యాక రెండు ఇళ్లవాళ్లం కలిసి మ్యాట్నీకి వెళ్లాం. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, మధ్యలో నడిచే దారి.

సినిమాలో మిల్లు యజమాని పెళ్లి సంగతి దాచి ఒక టైపిస్టుతో ఇంకో కాపురం పెడతాడు. గుట్టు బయటపడేసరికి భార్య పుట్టింటికి, ముసలి తండ్రి మంచానికి, బావమరిది కర్ర పట్టుకుని వీధికి. హాలంతా భార్య తరఫున ముక్కు చీదింది. అప్పుడే నిజం తెలిసిన ఆ టైపిస్టు ట్రంకుపెట్టెతో ఒంటరిగా బస్టాండులో నిలబడింది. సంగీతం ఆగింది. నేను మా బావ చెవిలో (చెవిలోనే అనుకున్నాను) అన్నాను: "పాపం రా బావా, ఈమెను అడిగినోడే లేడు!"

సరిగ్గా అప్పుడే ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. హాలంతా నా వైపు తిరిగింది. నాయనమ్మ లేచింది.

"విన్నరా? గిప్పుడే గామె మీద గింత మాయ, గింత ప్రేమ! రేపు నా మన్మరాలిని ఇంట్ల వెట్టి, ఇంకోదానికి ట్రంకు కొనిస్తడు. చలో, లేవుండ్రి!"

"అయ్యో అవ్వా, మావోడు పాపం అన్నడు, గంతే" అంది మా అమ్మ.

"పాపం ఆడికెల్లే షురువైతది బిడ్డా, మాలూమ్ నాకు!"

"అవ్వా, సమోసాలు తెస్తనా?" అన్నాడు మా బావ. అతని వైపు ఎవరూ చూడలేదు.

నేను సంజాయిషీకి నోరు తెరిచాను. నాయనమ్మ వెనక నిలబడిన పిల్ల నా వైపు చూసింది. పెదవులు కదిలాయి, గొంతు లేదు: "నాకు సుత పాపమే అనిపిచ్చింది. నువ్వు మాట్లాడకు." నోరు మూసుకున్నాను. తర్వాత ఆమె పైకే అంది: "అవ్వా, బామ్మర్ది వాన్ని కొడ్తడో లేదో చూడకుండనే పోదామా?"

నాయనమ్మ ఆలోచించింది. దెబ్బలు వదులుకోవడం ఆమెకూ ఇష్టం లేదు. కూర్చుంది. రెండో సగంలో నేను భార్య కోసం, తండ్రి కోసం, చివరికి వైద్యం చేసిన డాక్టరు కోసం కూడా కళ్లు తుడుచుకున్నాను. బయటికి వచ్చాక, "ఏడ్వనీకైతే వస్తది పోరనికి" అంది నాయనమ్మ. అలా పెళ్లి ఖాయమైంది.

మొన్న అదే సినిమా టీవీలో వచ్చింది. నా చెవులు మగ్గాలకే ఇచ్చేశాను కాబట్టి బొమ్మ చూస్తూ కూర్చున్నాను. (ఆనాటి డైరీ తీసి చూస్తే, "సినిమా ఫరవాలేదు. ఎండ ఎక్కువ" అని ఉంది. ఆ కుర్రవాడికి ఏది రాసుకోవాలో తెలియదు.) బస్టాండు వచ్చింది. అవతలి కుర్చీలోంచి మా ఆవిడ పెదవులు కదిపింది: "ఆమె యాడికి వోయిందో సినిమాల చెప్పనే లేదు."

"అవును, పాపం" అన్నాను, మెల్లగానే.

వెంటనే పక్కింటి కోడలు కిటికీ దగ్గరికి వచ్చి, నాకు కనబడేలా చెయ్యి ఊపుతూ అడిగింది: "ఎవరికి కాకా, ఏమైంది?"