టీచరమ్మ తీగ

నేరేడ్‌మెట్‌లో మేము ఇల్లు కొనుక్కుని వచ్చేసరికే ఎదురింటి గోడ నిండా గులాబిరంగు పూల తీగ పాకి ఉంది. దాని అసలు పేరు మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆ ఇంటావిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది కాబట్టి అందరూ దాన్ని టీచరమ్మ తీగ అనేవారు. కూరగాయల బండాయన "టీచరమ్మ తీగ కాడ నిలబెడ్త, రాండ్రి" అని కేకేసేవాడు. మా ఇంటికి వచ్చే చుట్టాలకు నేను కూడా అదే గుర్తు చెప్పాల్సి వచ్చేది. చెప్పిన ప్రతిసారీ కడుపులో మండేది.

మా గేటు పక్కన సన్నజాజి ఉంది. ఏలూరు నుంచి అంటు తెచ్చి నాలుగేళ్లు సాకాను. దానివంక ఎవరూ చూసేవారు కాదు.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ బ్యాంకుకు వెళ్లినప్పుడు, ఆమె గోడ బయట మట్టిలోంచి చిన్న దుంప ఒకటి తవ్వి తెచ్చుకున్నాను. అడిగితే ఇచ్చేదే. అడగడానికి మనసొప్పలేదు.

జాజి పందిరి పక్కనే పాతాను. వానలు మొదలయ్యాక ఇక దాన్ని పట్టుకునేవాళ్లు లేరు. పందిరంతా కమ్మేసి కిటికీ ఊచలదాకా వచ్చింది. పూసిన రోజు కావాలనే గేటు దగ్గర నిలబడ్డాను. పక్కింటావిడ ఆగి చూసి, "మీ ఇంట్ల సుత టీచరమ్మ తీగ పెట్టిన్రా? మంచిగుంది" అంది. నవ్వాను గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

దసరా నాటికి తీగ కింద జాజి ఎండిపోయింది. కొమ్మ పట్టుకుంటే పుల్లలా విరిగింది. కోపంతో తీగను మొదలంటా నరికేశాను. పది రోజుల్లో మళ్లీ నాలుగుచోట్ల మొలిచింది.

అప్పుడు టీచరమ్మే గడ్డపార పట్టుకుని వచ్చింది.

"దుంప తీయకుంటే పోదమ్మా. నన్నడిగితే వద్దని చెప్తుంటి గద."

"మీ గోడ దగ్గరే తవ్వానండీ" అన్నాను, తలెత్తకుండా.

"ఎరికే. గుంత చూసిన." గడ్డపార మట్టిలో దించుతూ అంది: "అందరు మెచ్చుకుంటరని నేను సుత పీకలేకపోతున్న. వారం వారం కోసుడే. నడుం పోతున్నది. దయ్యం తీగ అంట నేను దాన్ని."

సాయంత్రం దాకా తవ్వితే బకెట్ నిండా దుంపలు వచ్చాయి. ఇద్దరం కలిస్తే తనదీ తీసేయొచ్చంది. మరుసటి ఆదివారం ఆమె గోడ దగ్గర మొదలుపెట్టాం. దారినపోయేవాళ్లు ఆగి, ఎందుకు తీయిస్తున్నారని ఆమెనే అడిగారు. గడ్డపార నా చేతిలో ఉంది. నన్నెవరూ పలకరించలేదు. అప్పుడు కూడా నాకు కుళ్లుగానే ఉంది.

"జెర కూసో, చాయ్ తెస్త" అని ఆమె లోపలికి వెళ్లింది. నేను కూర్చోకుండా తవ్వుతూనే ఉన్నాను.